బేరం నడిచినన్నాళ్లూ

ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకానికి వాళ్లమ్మాయి ఒక ఆలోచన చేసింది. తల్లి చేతిమీదుగా ఇళ్లు అమ్ముకున్నవాళ్లూ కొనుక్కున్నవాళ్లూ ఎవరికి గుర్తున్నది వాళ్లు రాసిస్తే, అన్నీ కలిపి పుస్తకంలా కుట్టించి దాచుకుంటుందట.

"ఒక్క పేజీ చాలు ఆంటీ. తెలుగులో రాసినా ఓకే. నా రీడింగ్ స్లో, బట్ చదువుతా. అమ్మ నేర్పింది," అంది ఫోన్లో.

ఫోన్ నాకు వచ్చినా రాయడానికి కూచున్నది మా ఆయన. ఆవిడంటే ఆయనకున్న గౌరవం డెట్రాయిట్ చుట్టుపక్కల తెలుగువాళ్లందరికీ తెలిసిందే. ఆదివారం పొద్దున్న కాగితం, పెన్ను తీసుకుని డైనింగ్ టేబుల్ దగ్గర కూచున్న మనిషి నేను వంట ముగించి వచ్చేదాకా కదల్లేదు. చూస్తే కాగితం మీద "ఆవిడ చాలా మంచివారు. నిజాయితీ గలవారు. ఇల్లు కొనడంలో మాకు ఎంతో సహాయపడ్డారు" అని ఉంది.

"అయిపోయిందా?" అన్నాను.

"మనిషి గురించి ఇంకేం రాస్తాం?"

"ఆవిడ చలికోటు ఏం రంగు?"

కళ్లు మూసుకున్నారు. "నీలం కదూ?"

మెరూన్. మెడ కింద రెండో బొత్తం ఊడిపోతే చేతికి దొరికిన నల్ల బొత్తం కుట్టుకుంది. పట్టుచీర మీద ఆ కోటు వేసుకుని, కుచ్చిళ్లు మంచుబూట్లలోకి దోపుకుని వచ్చేది. కుడిచేతి గ్లవ్ పళ్లతో పట్టి లాగేది, ఎడమచేతిలో ఎప్పుడూ ఎవరో ఒకరి ఇంటి తాళాలు ఉండేవి గనక. కారు ఎక్కడ ఆపినా వెనక్కి తిప్పి ఆపేది, వెళ్లేటప్పుడు మళ్లీ తిప్పుకునే పని లేకుండా. నవ్వితే శబ్దం వచ్చేది కాదు. భుజాలు కదిలేవి, అంతే.

మా ఆయన కాగితం నా వైపు తోశారు. "అయితే నువ్వే రాయి. నీకింత ఎలా గుర్తుంది?"

కాగితం తిప్పి పెన్ను తీసుకున్నాను.

నన్ను బడికి పంపలేదు. నాన్నగారే ఇంట్లో చదువు చెప్పారు. తెలుగు, సంస్కృతం, లెక్కలు, నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు. పుస్తకం తన చేతిలోనే ఉంచుకుని ఒక్కసారి చదివేవారు. విన్నది విన్నట్టు నేను తిరిగి అప్పజెప్పాలి. నా మాట కలిపినా, ఆయన మాట వదిలేసినా మళ్లీ మొదటికే. అప్పట్లో విసుగ్గా ఉండేది. ఇప్పుడు దీపం పెట్టేటప్పుడు ఆయన్ని తలుచుకోని రోజు లేదు. విన్న మాట నాలో ఉండిపోతుంది. అలా ఉండిపోయినవాటిలో ఆవిడ మాటలే ఎక్కువ కావటం మాత్రం నేను కోరుకున్నది కాదు.

ఆవిడని మొదట చూసింది ఎవరింటి బేస్‌మెంట్‌లోనో, భజనలో. మన ఆడవాళ్లలో కారు నడపటమే కొద్దిమందికి వచ్చిన రోజులవి. ఆవిడ పరీక్ష రాసి, లైసెన్స్ తీసుకుని, ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంటు అయింది. మగవాళ్లందరినీ "అన్నయ్యగారూ" అని పిలిచేది. పరాయి మగవాళ్లతో మాట్లాడవలసి వస్తే మనం ముందు ఆ పిలుపు వేసుకుంటాం, ఇక్కడి చలికి కోటు వేసుకున్నట్టు. మా ఆయన్నీ అలాగే పిలిచేది. "అన్నయ్యగారూ, మీదాకా పులిహోర వచ్చిందా?" అనేది. అప్పటికి ఆవిడ గురించి నాకు మంచీ లేదు, చెడూ లేదు.

ఎనభైల మొదట్లో డెట్రాయిట్ శివార్లలో నోవై అనే ఊరి వైపు ఇల్లు చూడటం మొదలుపెట్టాం. అపార్ట్‌మెంట్‌లో నా కష్టం ఒక్కటే. కర్పూరం వెలిగించగానే పొగ అలారం మోగేది. కింది వాటా ముసలాయన చీపురుకర్రతో తన సీలింగు మీద పొడిచేవాడు. అందుకని హారతికి ముందు మా అమ్మాయి స్టూలెక్కి, అలారం కింద న్యూస్‌పేపరు విసురుతూ నిలబడేది. దేవుడికి దణ్ణం పెట్టడం కంటే ముందు దానికి పేపరు విసరటం వచ్చింది. దేవుడు మాకు ఏ లోటూ చేయలేదు, ఆయనకి స్థిమితంగా కూచునే చోటు మేమే చూపించలేకపోతున్నాం అనిపించేది.

మా తరఫున ఇళ్లు తిప్పి చూపించడానికి ఒక అమెరికన్ ముసలాయన, ఏజెంటు, ఉండేవాడు. ఒక శనివారం ఆయన తీసుకెళ్లిన ఇంటి తలుపు తీసింది ఆవిడ. ఆ ఇల్లు అమ్మేవాళ్లకి ఆవిడ ఏజెంటు.

"రండి మూర్తిగారూ," అంది మా ఆయనతో.

నేను గుమ్మంలో ఆగిపోయాను. మా ఆయన వంగి బూట్లు విప్పుకుంటున్నారు, ఆయనకేం పట్టలేదు. పోయిన నెల పులిహోర దగ్గర అన్నయ్యగారు. ఇవాళ ఈ గుమ్మంలో మూర్తిగారు.

ఎవరైనా ముందు వంటగది చూపిస్తారు. ఆవిడ బేస్‌మెంట్ మెట్లవైపు నడిచింది. "పైన ఎలాగూ చూస్తారు. కిందికి దిగడానికే అందరికీ బద్ధకం," అంది. కిందకెళ్లి గోడలకి చెయ్యి ఆనించి చూసింది. అరచెయ్యి కాదు, చెయ్యి వెనకవైపు. జ్వరం వచ్చిన పిల్ల నుదురు చూసినట్టు. మా ఆయన ఆ వెనకే నడుస్తున్నారు.

"ఎలా ఉందండీ గోడ?" అని అడిగారు.

"మీ ఇన్‌స్పెక్టర్‌ని తెచ్చి చూపించుకోండి మూర్తిగారూ. నా చెయ్యి అమ్మేవాళ్ల చెయ్యి."

ఆయన నవ్వారు. అందులో నవ్వే మాట ఏముందో నాకు తెలియలేదు.

నేను పైకొచ్చేశాను. వంటగది పక్కన చిన్న గది. ఆ ఇంటి పెద్దావిడ కుట్టుమిషను పెట్టుకున్నది. తూర్పు కిటికీ. బయటి మంచు మీద పడిన ఎండ లోపలికి వచ్చి గోడంతా పరుచుకుంది. తలెత్తి కప్పు వైపు చూశాను. అలారం లేదు. అక్కడే నిలబడి కళ్లు మూసుకుని ఒక్క క్షణం దణ్ణం పెట్టుకున్నాను.

ఆనాటినుంచి మా ఇంట్లో కంచం ముందుకి ఆవిడ వచ్చి కూచుంది. "ఆవిడ అన్నారు, మూలమీది ఇల్లయితే మంచు రెండువైపులా ఎత్తాలిట." "ఆవిడ అన్నారు, చెట్టు ఇంటికి మరీ దగ్గరుండకూడదట." మా ఆయన "అన్నారు" అంటే నేను మనసులో "అంది" అని దిద్దుకునేదాన్ని. చలికాలం కారులో ఒక దుప్పటి పెట్టుకోమని ఈ దేశం వచ్చినప్పటినుంచీ నేను చెప్తూనే ఉన్నాను. ఒకరోజు వచ్చి తనే లోపలి దుప్పటి తీసి మడతపెడుతున్నారు.

"ఎక్కడికి?"

"కారు వెనక ట్రంక్‌లో ఉంచుదామని. దారిలో కారు ఆగిపోతే కష్టం కదా."

"ఎవరన్నారు?"

"ఆవిడే," అన్నారు, దుప్పటి చంకలో పెట్టుకుని.

ఆవిడ అందగత్తె ఏం కాదు. పై పళ్లు కొంచెం ఎత్తు. ఊరట కోసం అది కూడా చూసుకున్నాను. ఊరట రాలేదు. నేను కుళ్లుకున్నది ఆవిడ మొహం చూసి కాదు, చేతులు చూసి. మంచులో ఎవర్నీ పిలవకుండా కారు వెనక్కి తిప్పుకునే చేతులు, ఏ ఇంటి తాళమైనా తీయగల చేతులు. నా చేతులు ఆ గది తలుపు తీయాలంటే ఆవిడే రావాలి.

కొనేముందు ఇల్లు పరీక్షించడానికి మేం డబ్బిచ్చి పిలిపించుకున్న ఇన్‌స్పెక్టరు వచ్చి ఇల్లంతా చూసి రిపోర్టు ఇచ్చాడు. పైకప్పు గట్టిగా ఉంది, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ కొత్తది, కరెంటు పని శుభ్రంగా ఉంది. లోపం ఒక్కటే. బేస్‌మెంట్ ఉత్తరపు గోడలో పగులు, మంచు కరిగే రోజుల్లో నీళ్లు లోపలికి ఊరతాయి. మా ఏజెంటు ముసలాయన మా ఆయన్ని కూచోబెట్టి చెప్పాడట, గోడ సంగతి ఉన్న పేజీ ఒక్కటే అవతలివాళ్లకి చూపిద్దాం, ధర తగ్గించమందాం, మిగతా రిపోర్టు మన దగ్గరే ఉండాలి అని.

"మన తెలుగావిడ దగ్గర దాపరికమా? బాగుండదు," అన్నారు మా ఆయన నాతో.

"ఆ ముసలాయన చెప్పినట్టు చేస్తే పోతుందిగా," అన్నాను.

"నీకు ఈ వ్యవహారాలు తెలియవు," అని ఆవిడకి ఫోన్ చేసి మా అపార్ట్‌మెంట్‌కి రమ్మన్నారు.

వచ్చింది. శుక్రవారం సాయంత్రం. గ్లవ్ పళ్లతో లాగి, కోటు విప్పకుండా వంటింటి బల్ల ముందు కూచుంది. నేను డికాక్షన్ దించి పాలు పెట్టాను.

"నాకు వద్దండీ. బేరం అయ్యాక తాగుతాను," అంది.

మా ఆయన రిపోర్టు మొత్తం, రెండు చేతులతో, వాయనం ఇచ్చినట్టు ఆవిడ ముందుకి చాపారు.

ఆవిడ అరచెయ్యి ఎత్తింది. అది ఆవిడకి అలవాటు, రోడ్డు మీద బండి ఆపినట్టు. "ఆగండి. ఇది మొత్తం రిపోర్టా?"

"మొత్తమే. మావాడు ఒక్క పేజీ ఇవ్వమన్నాడు. నాకే బాగనిపించలేదు."

"మూర్తిగారూ, నేను అమ్మేవాళ్ల మనిషిని. ఇస్తే చదువుతాను. చదివింది మావాళ్లకి చెప్తాను. మీరు కాదని వెళ్లిపోతే, రేపు ఇల్లు చూడటానికి ఇంకెవరొచ్చినా వాళ్లకీ చెప్తాను. చదివాక చదవనట్టు ఉండటం నాకు రాదు."

"చదవండి. ఇస్తున్నదే అందుకు."

"మళ్లీ అడుగుతున్నాను. ఇమ్మంటారా?"

"మీరేమన్నా పరాయివాళ్లా?"

ఆవిడ ఆయన్ని చూడలేదు. నన్ను చూసింది. నేను పాల గిన్నె వైపు తిరిగాను. ఆ చూపులో ఏదో అడుగుతున్నట్టు ఉంది, ఆవిడకి నేనేమీ ఇవ్వదలుచుకోలేదు. వెనక కాగితాలు సంచిలోకి జారిన చప్పుడు వినిపించింది.

కిందికెళ్లాక ఆవిడ వెంటనే కారు తీయలేదు. ఫ్లాస్కు మూతలో తను తెచ్చుకున్న కాఫీ పోసుకుని స్టీరింగు వెనక కూచుని తాగుతోంది. మేమిద్దరం కిటికీలోంచి చూస్తున్నాం.

"పాపం, చలిలో," అన్నారు మా ఆయన.

"హీటర్ ఉంటుంది," అన్నాను.

సోమవారం మా ఏజెంటు ఫోన్ చేశాడు. ధర తగ్గించరట. పైకప్పు గట్టిది, ఫర్నేస్ కొత్తది, కరెంటు పని శుభ్రం అని మీ ఇన్‌స్పెక్టరే రాశాడు, ఇంత మంచి ఇంటికి ఒక్క గోడ కోసం ఎందుకు తగ్గించాలి అని అడిగారట. ఇంకొకళ్లు కూడా ఆ ఇల్లు చూసి వెళ్లారట.

మా ఆయన ఆ రోజు అన్నం తినలేదు. మర్నాడూ కంచంలో కెలికి లేచారు. "మన తెలుగావిడ అయ్యుండి," అనటం, గోడ వైపు చూడటం. పెళ్లయినప్పటినుంచీ నా మీద ఆయనకి కోపాలు వచ్చాయి. ఎంత కోపం వచ్చినా మజ్జిగన్నం దాకా తినే లేచేవారు. ఆవిడ మీద కోపానికి మాత్రం అన్నం మానేశారు. నాకు ఎక్కడ గుచ్చుకుందో వేరే చెప్పనక్కర్లేదు.

"ఆ ఇల్లు మనకొద్దు. వేరే చూద్దాం," అన్నారు చివరికి.

ఆయన ఆఫీసుకి వెళ్లాక దేవుడి ముందు కూచున్నాను. హారతి ఇవ్వబోతే అలారం గుర్తొచ్చింది. మా అమ్మాయి బడికి వెళ్లింది, పేపరు విసిరేవాళ్లు లేరు. అగ్గిపెట్టె పక్కన పెట్టి, లేచి, ఆవిడకి ఫోన్ చేశాను. అలాంటి పని మీద నేను ఎవరికైనా ఫోన్ చేయడం అదే మొదలు.

"నేను మూర్తిగారి భార్యని."

"గొంతు తెలుసు, చెప్పండి."

ఇంటి గురించి అడగాలనే చేశాను. నోటికి వచ్చింది వేరు. "భజనలో మా ఆయన్ని అన్నయ్యగారూ అనేవారు. ఇప్పుడు మూర్తిగారూ అంటున్నారు."

కాసేపు ఏమీ వినపడలేదు. భుజాలు కదులుతూ ఉండి ఉంటాయి.

"దీనికా ఫోన్ చేశారు?"

"దీనికే."

"కొత్తలో ఒకాయన్ని అన్నయ్యగారూ అంటూనే ఒక ఇల్లు అమ్మానండి. నేను చెప్పిందల్లా చెల్లెలు చెప్పినట్టు నమ్మాడు. నేను అవతలివాళ్ల మనిషినని మరిచిపోయాడు. గుర్తుచేయడానికి నాకు మొహమాటం. తరవాత తెలిసొచ్చింది ఆయనకి. ఇప్పుడు ఆ ఇంట్లోవాళ్లు నేను భజనకొస్తే అటు తిరిగి కూచుంటారు. అప్పటినుంచీ బేరం నడిచినన్నాళ్లూ నాకు వరసలు లేవు. కాఫీ లేదు, బొట్టు లేదు. అయ్యాక మళ్లీ మామూలే."

"ఆ మాట మాతో చెప్పలేదేం?"

"చెప్తే అదీ వరస కలిపినట్టేగా."

అప్పుడే అసలు సంగతి గొంతులోకి వచ్చేసింది. "నాకా ఇల్లు..."

"ఆగండి." ఫోన్లో కూడా ఆ అరచెయ్యి నాకు కనిపించింది. "మీరేదో చెప్పబోతున్నారు. నేను వింటే దాచలేను. ఫోన్ పెట్టేస్తున్నాను, ఏమనుకోకండి." పెట్టేసింది.

ఎంతైనా ఇచ్చి తీసుకుంటాం అనబోయాను. ఇంకొక్క మాట బయటికి వచ్చి ఉంటే అంతా ఆవిడ చేతిలో పెట్టేసేదాన్ని, మా ఆయన రిపోర్టు పెట్టినట్టే. ఆ పూట దేవుడికి ఆవిడ పేరు చెప్పి దణ్ణం పెట్టుకున్నాను. కుళ్లు పోయిందా అంటే, పోలేదు. మా ఆయన మీద ఆవిడకి ఏమీ లేదని తెలిసింది. ఆవిడ మీద మా ఆయనకి ఏముందో ఆవిడ చెప్పలేదుగా.

మధ్యాహ్నమంతా ఆవిడ మాటలు ఒక్కొక్కటీ నాన్నగారికి అప్పజెప్పినట్టు నాలో నేను అప్పజెప్పుకున్నాను. సాయంత్రం మా ఆయన రాగానే అన్నాను, "డబ్బు తగ్గించమని అడక్కండి. గోడ బాగుచేయించి ఇమ్మనండి."

"ఎందుకు చేయిస్తారు? ఇంకొకళ్లు ఉన్నారన్నాడుగా."

"వాళ్లకీ గోడ సంగతి ఆవిడ చెప్పి తీరాలి. ఇంకెవరొచ్చినా చెప్తానని తనే అంది, మీ ఎదురుగా. అమ్మేవాళ్లు గోడ ఎప్పటికైనా బాగుచేయించుకోవాల్సిందే. మనకే చేయించి ఇమ్మనండి."

ఆయన బూటు విప్పుతూ ఆగారు. "అలా అన్నారా ఆవిడ?"

"మీరు ఆవిడని చూస్తూ కూచున్నారు. నేను విన్నాను."

మా ఏజెంటు ముసలాయన అదే అడిగాడు. ఒప్పుకున్నారు. ఆవిడ అమ్మేవాళ్లతో, నేను చదివేశాను, ఇక ఎవరికీ చెప్పకుండా ఉండలేను అందట. మంచు కరిగాక ఉత్తరం వైపు మట్టి తవ్వి, పగులు పూడ్చి, నీళ్లు పోయే గొట్టం వేసి ఇచ్చారు. దేవుడి దయవల్ల ఆ ఎండాకాలం ఆ ఇంట్లో చేరాం.

"చూశావా, ఆవిడ మాట మీద నిలబడ్డారు," అన్నారు మా ఆయన, అన్నం కలుపుకుంటూ. ఆకలి తిరిగొచ్చింది. "ఆవిడ అన్నారు" కూడా తిరిగొచ్చింది.

పాలు పొంగించిన రోజు అందరికంటే ఆలస్యంగా వచ్చింది. కారు వెనక్కి తిప్పి ఆపింది. చలి లేదు, కోటు లేదు, ఆకుపచ్చ పట్టుచీర.

"పాలు పొంగాయా అన్నయ్యగారూ?" అంది గుమ్మంలోంచే.

మా ఆయన "రండి రండి" అంటూ ఎదురు వెళ్లారు. ఆ పిలుపు వినగానే ఆయన మొహంలో ఏదో చిన్నది ఆరిపోయింది. అంతమందిలో అది చూసింది నేనొక్కదాన్నే. నాకు పండగలా ఉంది.

"వదినా, ఆనాడు తాగని కాఫీ బాకీ ఉంది, ఇవ్వండి," అంది. తాగింది. మళ్లీ అడిగి తాగింది. తూర్పు కిటికీ ఉన్న ఆ చిన్న గదినే దేవుడి గది చేశాం. అక్కడికి తనే వచ్చి నా ముందు కూచుని నుదురు చూపించింది. బొట్టు పెట్టాను. నా చెయ్యి ఆవిడకి తగలడం అదే మొదలు. వెచ్చగా, మామూలు మనిషిలాగే ఉంది.

కళ్లు తెరిచి కప్పు వైపు చూసింది. "అన్నయ్యగారూ, ఈ ఇంట్లో పొగ అలారం లేదేం? హాల్లో ఒకటి పెట్టించండి. ఈ గదిలో వద్దు, వదినగారి హారతికి అడ్డం."

నేను ఆవిడకి ఎప్పుడూ చెప్పలేదు అలారం సంగతి. మా ఆయన ఎప్పుడో చెప్పి ఉంటారు. నా హారతి గురించి వాళ్లిద్దరూ మాట్లాడుకున్నారన్నమాట. మర్నాడే ఆయన వెళ్లి అలారం తెచ్చి హాల్లో బిగించారు. అది ఇంతవరకూ నా పూజకి మోగలేదు. అందుకు కూడా ఆవిడకే కృతజ్ఞత చెప్పుకోవాలి, చెప్పుకుంటున్నాను.

ఇదంతా రాసి మా ఆయనకి ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని కిటికీ దగ్గర కూచుని నెమ్మదిగా చదివారు. దుప్పటి దగ్గర ఒకసారి నా వైపు చూశారు. గుమ్మంలో మొహం సంగతి దగ్గర చాలాసేపు ఆగారు. చదవటం అయ్యాక బేస్‌మెంట్‌లోకి వెళ్లారు. నేను వెనకే దిగాను. ఉత్తరం గోడకి అరచెయ్యి ఆనించి నిలబడి ఉన్నారు.

"అలా కాదు," అని ఆయన చెయ్యి తిప్పి పెట్టాను.

గోడ పొడిగా ఉంది.

"మెరూనా?" అన్నారు.

"మెరూనే."

"ఇదంతా ఆ పిల్లకి పంపుతావా?" చెయ్యి గోడ మీదే ఉంది. "ఆ గోడ, రిపోర్టు ఉన్న పేజీ ఒక్కటీ పంపితే చాలదూ?"

"మొత్తం పంపుతాను."

"ఇస్తే చదువుతుందే."

"చదవనీండి," అన్నాను. "వాళ్లమ్మ కూతురు. చదివాక చదవనట్టు ఉండటం దానికీ రాకూడదు."